మన పెద్దవాళ్ళూ, డబ్లిన్ రైలు టికెట్టూ

రేడియో ప్రసంగ పాఠం



ఈ వారం దేని గురించి మాట్లాడమంటారని స్టూడియోవారిని అడిగితే, "మీకు బాగా తెలిసినదేదైనా మాట్లాడండి" అన్నారు. నాకు బాగా తెలిసినది ఒకటే, డబ్లిన్ స్టేషన్లో టికెట్టు కొనడం. నవ్వకండి. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఇదే ఊళ్ళో ఉంటున్నాను. ఇప్పటికి ఎంతమంది అమ్మానాన్నలకీ, అత్తమామలకీ ఆ మెషీను పక్కన నిలబడి చెప్పానో లెక్క లేదు. ఎందుకు చెప్పడం మొదలుపెట్టానో మాత్రం ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ అదీ చెబుతాను.

ముందుగా ఒక చిన్న మాట. ఇండియా నుంచి బయల్దేరే ముందు మీవాళ్ళు ఇంటర్నెట్లో "డబ్లిన్ రైలు" అని వెతుకుతారు. వెతకగానే ఐర్లండు వస్తుంది. మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "బావా, అక్కడ లీప్ కార్డు కొనాలట కదా, ఎయిర్‌పోర్టులోనే దొరుకుతుందట" అన్నాడు. ఆ కార్డు పనిచేసే డబ్లిన్ వేరు. ఒహాయోలో కొలంబస్ పక్కన ఇంకో డబ్లిన్ ఉంది, అక్కడా మనవాళ్ళు బాగానే ఉన్నారు. వాళ్ళకి ఈ బాధ అసలు లేదు. కొలంబస్‌కి 1979 తర్వాత ప్రయాణికుల రైలు రానేలేదు. నేను చెప్పేది మన కాలిఫోర్నియా డబ్లిన్. 580 ఫ్రీవే మధ్యలో, అటు కార్లు ఇటు కార్లు పోతుంటే నడుమ నిలబడి ఉంటుందే, ఆ స్టేషను. బార్ట్ రైళ్ళు 1972లో మొదలైనా, మన ఊరికి వచ్చింది 1997 మే 10న. రెండో స్టేషను, వెస్ట్ డబ్లిన్, 2011లో తెరిచారు.

ఇక అసలు సంగతి.

మా నాన్నగారు రైల్వేలో బుకింగ్ క్లర్కు. గుంటూరు జిల్లాలో నాలుగైదు స్టేషన్లలో చేశారు. చిన్నప్పుడు నేను కౌంటరు లోపల స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి. గోడకి చెక్క అర, అందులో ఊరికొక గడి, గడిలో అట్ట టికెట్ల దొంతర. కింది నుంచి ఒకటి లాగి, తారీఖు ముద్ర వేసే ఇనప మెషీన్లో ఒక్క తోపు తోస్తే టక్కుమని చప్పుడు. టికెట్టు మీద ఎక్కే ఊరు, దిగే ఊరు, క్లాసు, చార్జీ, నంబరు అన్నీ ఉండేవి. సాయంత్రం లెక్క కట్టినప్పుడు పైసా తగ్గినా ఆయన జేబులోంచే పెట్టుకోవాలి. అందుకని ఇంట్లో కూడా పద్దు రాయకుండా కూరగాయలు కొనేవారు కాదు.

అలాంటి మనిషి 2004 వేసవిలో మా దగ్గరికి వచ్చారు. పగలంతా ఇద్దరం ఆఫీసుల్లో ఉండేవాళ్ళం. అపార్టుమెంటు నుంచి స్టేషనుకి నడిస్తే పావుగంట. రోజూ అక్కడిదాకా వెళ్ళి, రైళ్ళు చూసి వచ్చేవారు. ఆయనతో పాటు పనిచేసిన స్నేహితుడొకాయన అప్పట్లో ఫ్రీమాంటులో కూతురి దగ్గర ఉండేవారు. ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు. కలపడమే కుదరలేదు. "వచ్చే శనివారం తీసుకొస్తాను బాబాయిగారూ" అని నేను, "ఈ ఆదివారం మేమే వస్తాం అన్నయ్యా" అని ఆ అమ్మాయి. అలా వారాలు గడిచిపోయాయి. డబ్లిన్ నుంచి ఫ్రీమాంటు కారులో ఎంతసేపో మీకు తెలియనిది కాదు. సిగ్గుపడాల్సిన విషయమే.

నవంబరులో ఆ స్నేహితుడు ఇండియా వెళ్ళిపోయారు, తర్వాత నాన్నగారూ వెళ్ళారు. గది సర్దుతుంటే ఆయన పద్దు పుస్తకం దొరికింది. కొత్తిమీర దగ్గరనుంచి రాసి ఉంది. ఒక బుధవారం నాడు, "రైలు టికెట్టు 20 డాలర్లు, నష్టం" అని ఉంది. ఆ పేజీలోనే ఒక బార్ట్ టికెట్టు పెట్టి ఉంది. దాని మీద ఇంకా పదిహేను డాలర్ల పైన విలువ అచ్చయి ఉంది.

ఫోన్ చేసి అడిగాను. మొదట "ఏదోలేరా" అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు.

జరిగిందిది. ఒక రోజు మాకు చెప్పకుండా ఆయనే ఫ్రీమాంటు వెళదామని బయల్దేరారు. స్టేషన్లో బూత్‌లో మనిషి ఉన్నాడు గానీ టికెట్లు అమ్మడు. మెషీన్లో ఇరవై డాలర్ల నోటు పెట్టారు. ఆ రోజుల్లో ఆ మెషీన్ల పద్ధతి మీలో పాతకాపులకి గుర్తుండే ఉంటుంది. ఎంత పెడితే అంతకీ టికెట్టు తయారవుతుంది. మనకి కావలసింది నాలుగు డాలర్ల లోపు అయితే, ఒక డాలరు తగ్గించు, ఐదు సెంట్లు తగ్గించు అనే బొత్తాలు నొక్కుకుంటూ కిందికి దిగాలి.  ఆయన ఒకే బొత్తం నొక్కారు, ఇరవై డాలర్ల టికెట్టు బయటికి వచ్చింది. దాని మీద ఎక్కే ఊరు లేదు, దిగే ఊరు లేదు. ముప్పై ఏళ్ళు టికెట్లు అమ్మిన మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారట. "ఎక్కడికో రాసి లేనిది టికెట్టెట్లా అవుతుందిరా" అన్నారు నాతో.

అయినా ధైర్యం చేసి ఎక్కారు. బేఫేర్ స్టేషన్లో దిగి ఫ్రీమాంటు రైలెక్కాలని ఆయనకి తెలియదు. రైలు ఓక్లండు దాటి సముద్రం కింద సొరంగంలోకి దిగింది, చెవులు దిబ్బడ వేశాయి, భయం వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి స్టేషన్లో దిగి, బోర్డు మీద డబ్లిన్ అని చూసి వెనక్కి వచ్చేశారు. ఎక్కిన స్టేషన్లోనే దిగినా మెషీను కొంత సొమ్ము కోసుకుంటుంది, దాన్ని ఎక్స్‌కర్షన్ ఫేర్ అంటారు. గేటు టికెట్టుని వెనక్కి ఇచ్చేసింది. మిగిలిన సొమ్ము ఆ టికెట్టులోనే ఉందని, దానితో మళ్ళీ మళ్ళీ వెళ్ళొచ్చని ఆయనకి తట్టలేదు. మన లెక్కలో ప్రయాణం అయిపోయిన టికెట్టు చెల్లిపోయిన టికెట్టే కదా. అప్పటి లెక్కన తొమ్మిది వందల రూపాయలు. కొడుకు సొమ్ము పారేశానని నొచ్చుకుని, ఇంకెప్పుడూ ఆ స్టేషను మెట్లెక్కలేదు.

"ఎక్కడ మారాలిరా?" అని అడిగారు చివరికి.

"బేఫేర్లో నాన్నగారూ. అదే ప్లాట్‌ఫారం, అవతలి వైపు."

"అవతలి వైపేనా" అన్నారు, ఇంకేం అనలేదు. ఆ మరుసటి ఏడు ఆ స్నేహితుడు పోయారు. ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు.

రైలుదీ తప్పు కాదు, మెషీనుదీ కాదు. నేను రోజూ ఆ స్టేషను మీదుగానే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఒక్క సాయంత్రం పక్కన నిలబెట్టుకుని చూపించి ఉంటే సరిపోయేది. ఇంకోటి కూడా తర్వాతే తెలిసింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి అప్పట్లో ఆకుపచ్చ చార టికెట్టు ఉండేది, 24 డాలర్ల విలువైనది 9 డాలర్లకే ఇచ్చేవారు. స్టేషను మెషీన్లో దొరికేది కాదు, బయట కొన్ని చోట్ల కొనుక్కోవాలి. పోస్టులో కూడా తెప్పించుకోవచ్చు. నేను ఎప్పుడూ కనుక్కోలేదు.

సరే, ఇప్పటి పద్ధతికి వస్తాను. ఆ కాగితం టికెట్లు 2023 చివరితో చెల్లడం మానేశాయి. ఇప్పుడంతా క్లిప్పర్ కార్డు. 2010 నుంచీ ఉన్నదే. స్టేషను మెషీన్లో మూడు డాలర్లు కార్డు ఖరీదు, పైన మీరు వేసుకునే సొమ్ము. ఫోన్లో కూడా పెట్టుకోవచ్చు. 2025 ఆగస్టు నుంచి ఏ కార్డూ కొనకుండా బ్యాంకు కార్డునే గేటుకి తాకించి వెళ్ళే వీలు కూడా బార్ట్ కల్పించింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంతకంటే సుఖం ఏముంది అనిపిస్తుంది. మన పెద్దవాళ్ళు నష్టపోయేది ఇక్కడే.

అబ్బాయి తన క్రెడిట్ కార్డు చేతిలో పెట్టి "గేటుకి తాకించు నాన్నా, అంతే" అంటాడు. గేటు తెరుచుకుంటుంది, నిజమే. పూర్తి చార్జీ పడుతుంది, అదీ నిజమే. బ్యాంకు కార్డుకి మీ వయసెంతో తెలియదు కదా. 65 దాటినవాళ్ళు సీనియర్ క్లిప్పర్ కార్డుకి అర్జీ పెట్టుకోవాలి. కార్డు ఉచితం. వయసు రుజువుకి పాస్‌పోర్టు చాలు. బార్ట్‌లో చార్జీ సగానికి పైగా తగ్గుతుంది. సందర్శకులైనా ఫరవాలేదు. "మేము ఆరు నెలల్లో పోయేవాళ్ళం, మాకెందుకు" అంటారు పెద్దవాళ్ళు. ఆరు నెలలంటే ఎన్ని బుధవారాలో లెక్కవేయండి. అర్జీకి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, వాళ్ళు దిగిన వారంలోనే, జెట్ లాగ్‌తో తెల్లవారుజామున లేచి కూర్చుని ఉంటారు చూడండి, అప్పుడే ఆ పని చేసేయండి. 5 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి యూత్ కార్డు వేరే ఉంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకి టికెట్టు లేదు.

మనిషికో కార్డు. ఈ మాట పెద్ద అక్షరాలతో రాసుకోండి. మన ఆర్టీసీ బస్సులో "నాలుగు తెనాలి ఇవ్వండి" అంటే కండక్టరు నాలుగు కొట్టి ఇస్తాడు. చిల్లర లేకపోతే టికెట్టు వెనక రాసిస్తాడు, దిగేటప్పుడు దాన్ని వసూలు చేసుకోవడం ఇంకో ప్రయాణం. ఇక్కడ అలా కుదరదు. 2014లో మా అమ్మ వచ్చినప్పుడు నేనే ఈ పొరపాటు చేశాను. నా కార్డు తాకించి ఆవిణ్ణి లోపలికి పంపి, మళ్ళీ అదే కార్డు తాకిస్తే గేటు తెరుచుకోలేదు. ఆవిడ లోపల, నేను బయట. వెనక ఆఫీసులకి వెళ్ళే జనం. మా అమ్మ అటునుంచి "నువ్వెళ్ళి కొనుక్కురా, నేనెక్కడికీ పోనులే" అని నాకే ధైర్యం చెప్పింది.

తాకించడంలో కూడా ఒక మెలిక ఉంది. బార్ట్‌లో లోపలికి వెళ్ళేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ రెండుసార్లు తాకించాలి, దూరాన్ని బట్టి చార్జీ కాబట్టి. ఎక్కేటప్పుడు దేన్ని తాకించారో దిగేటప్పుడూ దాన్నే తాకించాలి. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు పర్సులోని కార్డు తాకిస్తే, రెండిట్లో ఉన్నది ఒకే బ్యాంకు కార్డయినా సరే, మెషీను లెక్కలో ఇద్దరు మనుషులు. బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. మన ఊరి బస్సుల పేరు వీల్స్. డబ్లిన్, ప్లెజంటన్, లివర్‌మోర్ మూడు ఊళ్ళలో తిరుగుతాయి. నగదు ఇవ్వొచ్చు గానీ సరిగ్గా చిల్లర ఉండాలి, డ్రైవరు తిరిగి ఇవ్వడు, వెనక రాసి కూడా ఇవ్వడు. 2025 డిసెంబరులో క్లిప్పర్ కొత్త పద్ధతిలోకి మారాక ఇంకో లాభం కలిగింది. రైలెక్కడానికి మొదట తాకించిన రెండు గంటల్లోపు బస్సెక్కి అదే కార్డు తాకిస్తే, ఆ రెండో చార్జీలో రాయితీ వస్తుంది.

లివర్‌మోర్ శివవిష్ణు గుడికి బస్సులో వెళ్ళొచ్చా అని పెద్దవాళ్ళందరూ అడుగుతారు. వెళ్ళొచ్చు, ఓపికుంటే. బార్ట్‌ని లివర్‌మోర్ దాకా పొడిగించాలని ఎన్నో ఏళ్ళు అనుకుని, 2018లో బార్ట్ బోర్డు వద్దనేసింది. అంచేత డబ్లిన్ స్టేషను దగ్గర వీల్స్ బస్సెక్కి లివర్‌మోర్ వెళ్ళి, అక్కడ ఇంకో బస్సు చూసుకోవాలి. ఆదివారాలు బస్సులు తక్కువ. పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పటి బస్సు టైము ముందే చూసి చీటీ మీద రాసుకుని వెళ్ళమంటాను. హారతి అయ్యేదాకా ఉండి ఆఖరి బస్సు పోగొట్టుకున్న దంపతుల్ని నేనే ఒకసారి కారులో తీసుకొచ్చాను. పులిహోర పొట్లం నాకే పెట్టేశారు.

మార్గాల సంగతి త్వరగా చెబుతాను. డబ్లిన్ నుంచి వెళ్ళేది నీలం లైను, డేలీ సిటీ దాకా. ఫ్రీమాంటు, మిల్‌పీటస్, శాన్‌హోజే బెర్రియెస్సా వైపు వెళ్ళాలంటే బేఫేర్‌లో దిగి రైలు మారాలి. ఈ ముక్క నేను ఎవరికి చెప్పినా రెండుసార్లు చెబుతాను. ఓక్లండు ఎయిర్‌పోర్టుకి కొలీజియంలో దిగితే అక్కడినుంచి 2014లో పెట్టిన చిన్న రైలుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుకి పసుపు లైనులోకి మారాలి. ఎయిర్‌పోర్టు స్టేషన్లకి చార్జీ కొంచెం ఎక్కువ, కార్డులో ముందే సరిపడా ఉందో లేదో చూసుకోండి. పెట్టెలతో గేటు దగ్గర నిలబడి "సొమ్ము చాలదు" అనిపించుకోవడం ఎందుకు?

దూర ప్రయాణానికి ఆమ్‌ట్రాక్. మన రిజర్వేషన్ ఫారం నింపిన అలవాటున్నవాళ్ళకి ఇది ముందు తేలిగ్గానూ, తర్వాత వింతగానూ ఉంటుంది. వెయిటింగ్ లిస్టులో పడి చార్టు కోసం ఎదురుచూడటం లేదు. తత్కాల్ లేదు. దానికి బదులు విమానం టికెట్టులాగా రేటే మారిపోతుంటుంది. ఇవాళ చూసిన ధర ఎల్లుండికి ఉండకపోవచ్చు, కాబట్టి ప్రయాణం తేల్చుకున్న రోజే కొనండి. 65 దాటినవాళ్ళకి పది శాతం రాయితీ, 2 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి సగం. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే కొట్టండి. మనవాళ్ళ ఇంటిపేర్లు ముందుంటాయా, వెనకుంటాయా అన్న తంటా ఎలాగూ ఉండనే ఉంది.

యోసెమిటీకి కారు లేకుండా వెళ్ళొచ్చని చాలామందికి తెలియదు. బార్ట్‌లో రిచ్‌మండ్ వెళితే బార్ట్ స్టేషనూ ఆమ్‌ట్రాక్ స్టేషనూ ఒకేచోట ఉంటాయి. అక్కడ శాన్ వాకీన్స్ అని పిలిచే రైలు, 2025లో పేరు మార్చి గోల్డ్ రన్నర్ అంటున్నారు, అదెక్కి మెర్సెడ్‌లో దిగితే యార్ట్స్ అనే బస్సు కొండల్లోకి తీసుకెళుతుంది. రైలూ బస్సూ కలిపి ఆమ్‌ట్రాక్‌లో ఒకే టికెట్టుగా కొనుక్కోవచ్చు. మా అత్తగారూ మామగారూ ఇద్దరే అలా వెళ్ళొచ్చారు. జలపాతం కంటే, రైల్లో ఎదుటి సీటులో కూర్చున్న పంజాబీ దంపతుల గురించే ఎక్కువ చెప్పారు.

మా అత్తగారి సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముగిస్తాను. పోయిన వేసవిలో స్టేషన్లో మెషీను చూపించబోతే, "దీనికి ఫోన్‌పే లేదా?" అన్నారు. లేదన్నాను. "మా ఊళ్ళో కొబ్బరిబొండాల బండికే ఉంది" అన్నారు. రోజులు మారాయి. ఇప్పుడు వచ్చే పెద్దవాళ్ళకి మెషీనంటే భయం లేదు, మనకంటే చురుగ్గా నొక్కుతారు. అయినా వాళ్ళని కారులోనే తిప్పాలని, ఒంటరిగా పంపితే ఏమవుతుందోనని మనమే పగలంతా ఇంట్లో కూర్చోబెడుతున్నాం. ఒక్కసారి మీరు వెంట వెళ్ళండి. రెండోసారి వాళ్ళని ముందు నడవనిచ్చి మీరు వెనక నడవండి. మూడోసారి ఇంట్లో ఉండి ఫోను పక్కన పెట్టుకోండి. చేతికి ఒక చీటీ ఇవ్వండి, దిగాల్సిన స్టేషను, మారాల్సిన స్టేషను, మీ ఫోను నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి. ఫోన్లో ఛార్జి అయిపోయినా చీటీ పనిచేస్తుంది.

మా నాన్నగారు తర్వాత 2009లో మళ్ళీ వచ్చారు. నేను ఆకుపచ్చ టికెట్టు ముందే తెప్పించి ఉంచాను. ఆయనే ముందు నడిచి బేఫేర్‌లో దిగారు, ప్లాట్‌ఫారం అవతలి వైపుకి వెళ్ళి నిలబడ్డారు. ఫ్రీమాంటు రైలు వచ్చింది. "ఎక్కుదామా నాన్నగారూ" అంటే, "ఎవరున్నార్రా అక్కడ" అని, కాసేపు బెంచీ మీద కూర్చుని, ఇంటికి పోదాం పదమన్నారు. ఆ ఇరవై డాలర్ల పాత టికెట్టు నేను వాడలేదు. ఇప్పుడది ఏ గేట్లోనూ చెల్లదు. ఆ పద్దు పుస్తకంలో అదే పేజీలో ఉంది.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకి నేను ఈస్ట్ డబ్లిన్ స్టేషన్లో టికెట్టు మెషీన్ల దగ్గర ఉంటాను. మీ పెద్దవాళ్ళని తీసుకురండి, కుదరకపోతే వాళ్ళనే పంపండి. పాస్‌పోర్టు కాపీ తెచ్చుకోమనండి. కళ్ళజోడు మరిచిపోవద్దనండి, ఆ తెర మీద అక్షరాలు చిన్నవి.

ఉంటాను. నమస్కారం.